ఆరు వోల్టుల బండి

మా తమ్ముడు విఠల్ ఫోన్ చేసేసరికి నేను చిలకలగూడలో మా ఇంటి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు ఏరుతున్నాను. వాడు ఏ సంగతైనా నిదానంగా, పక్కవాళ్లకు నిద్రాభంగం కలుగుతుందేమో అన్నట్టు చెబుతాడు. ఆ రోజూ అంతే. నాయన ట్రాక్టరు డైనమో విప్పేస్తున్నాననీ, దాని చోట పెట్టడానికి ఆల్టర్నేటరు వచ్చిందనీ, రేపు పొద్దున్నే పని మొదలుపెడతాననీ అన్నాడు. అమ్మ నన్ను రమ్మంటోందట. వస్తూ వస్తూ దారిలో కార్ఖానా బస్తీలో ఆగి, తాను చెప్పిపెట్టిన దుకాణంలో బెల్టు తీసుకురమ్మన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఆ చింతపండు ముద్దను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. డైనమో అన్న మాట విని ఎన్నేళ్లయిందో. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ మాట వినిపించని రోజు ఉండేది కాదు. జ్వరం వచ్చిన పిల్లవాడి గురించి అడిగినట్టు, పొద్దున లేవగానే దాని గురించే అడిగేవాళ్లు.

ఆ ట్రాక్టరు అల్వాల్‌లో మా పుట్టింటి వెనక రేకుల షెడ్డులో ఉంటోంది. ఒకప్పటి మా భూమిలో ఇప్పుడు మిగిలింది తమ్ముడి ఇల్లు, ఆ షెడ్డు, రెండు మునగచెట్లు. పక్క స్థలంలో లేచే అపార్ట్‌మెంటుకు దారి కావాలి కాబట్టి షెడ్డు తీసేయక తప్పలేదు. బండిని ఏం చేయాలన్నది ఇంట్లో కొన్నాళ్లు నలిగింది. పాత ఇనుము కింద ఇవ్వడానికి ఎవరికీ మనసు రాలేదు. చివరికి మా చిన్నమామ కొడుకు రాజేందర్, శామీర్‌పేట దగ్గర తన జామతోటలోకి తీసుకుంటానన్నాడు. బొమ్మలా నిలబెట్టడానికి కాదు, చెట్ల వరసల మధ్య నెమ్మదిగా ఎరువు లాగడానికి. అప్పుడు తమ్ముడు ఒక్కటే షరతు పెట్టాడు. సెల్ఫ్ బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేలా చేసి ఇస్తాను గానీ, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే పని ఎవరూ పెట్టుకోకూడదు అని. రాజేందర్‌కు ఆ పట్టుదల వింతగా తోచిందట. మాకు మాత్రం వింత కాదు.

మర్నాడు కార్ఖానాలో బెల్టు తీసుకుని ఆటో ఎక్కాను. కొత్త రబ్బరు వాసన ఒళ్లో పెట్టుకుని లోతుకుంట దాటేసరికి, ఎదురుగా ఉన్న ఫ్లెక్సీలూ షోరూములూ కనబడటం మానేశాయి. ఆ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలు ఉండేవంటే మా మనవలు నవ్వుతారు. కానీ ఉండేవి. తలకు కాస్త పైన రాతికూసాల మీద తీగలతో అల్లిన పందిళ్లు, వాటి కింద ఎంత ఎండలోనైనా చల్లని ఆకుపచ్చ వెలుతురు. మాకూ ఒక తోట ఉండేది. అది నాయన ప్రాణం. తీగలకు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాడు. అందువల్ల ఆయన ధోవతుల మీద, చెప్పుల మీద, చెవుల వెనక కూడా నీలం చుక్కలుండేవి. అన్నం కలిపే చేతికి ఎంత కడిగినా ఆ తుత్తం వాసన పోయేది కాదు. నాకు ఇప్పటికీ నాయన అంటే మొదట గుర్తొచ్చేది ముఖం కాదు, నోట్లో రాగి పైస పెట్టుకున్నట్టుండే ఆ వాసన.

కత్తిరింపుల కాలం వచ్చిందంటే నాయన మాటలు తగ్గిపోయేవి. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తల పైకెత్తి, చిన్న కత్తెరతో ఒక్కొక్క తీగను చూసి, దాని మీది మొలక కన్నులు లెక్కపెట్టి కత్తిరించేవాడు. కూలివాళ్లను పెట్టుకునేవాడు గానీ ప్రతి తీగనూ మళ్లీ తానే చూసుకునేవాడు. భోజనానికి పిలిస్తే పలికేవాడు కాదు. నాయనమ్మ పందిరి కిందికే జొన్నరొట్టె, పచ్చిపులుసు పట్టుకెళ్లి, కొడుకు నోటికి అందించినంత పని చేసేది. ఆమె ఇంటి పెద్ద. మాట గట్టిది, చూపు ఇంకా గట్టిది. చుట్ట కాల్చేటప్పుడు మాత్రం ఎవరూ చూడకూడదని గోడ వెనక్కి పోయేది. ఆ గోడ మీదుగా పొగ లేచి వచ్చేది కాబట్టి అందరికీ తెలిసేది.

ట్రాక్టరును నాయన తోట కోసం కొనలేదు. పందిళ్ల కింద అది పట్టదు. తోట అవతల మాకు జొన్న, కూరగాయలు వేసే చెలక ఉండేది. దాన్ని దున్నుకోవడానికీ, ఖాళీగా ఉన్నప్పుడు చుట్టుపక్కలవాళ్ల భూములకు కిరాయికి పంపడానికీ మిలిటరీవాళ్ల వేలంపాటలో కొన్నాడు. అప్పటికే అది పాతది. పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చాలి. బ్యాటరీ ఆరు వోల్టులది. ఆ బ్యాటరీకి చార్జింగు ఇవ్వాల్సిన డైనమో మాత్రం వచ్చిన రోజు నుంచీ రోగిష్ఠిదే. డైనమో సంగతి ఏమిటంటే, ఇంజను జోరుగా తిరిగితేనే అది కరెంటు పుట్టిస్తుంది. నెమ్మదిగా నడిస్తే ఊరికే తిరుగుతుంది, ఏమీ ఇవ్వదు. దుక్కి దున్నడం జోరుగా ఉండే పనే గానీ, ఎరువు బండి లాగడం, గట్ల మీద పాకుతూ పోవడం అన్నీ నెమ్మదిగా సాగే పనులు. అందుకని సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉండేది. నాయన డైనమోను విప్పించి లోపలి రాగితీగ చుట్టలు కొత్తగా చుట్టించాడు, బ్రష్షులు మార్పించాడు, స్పానరుతో తట్టి బతిమాలాడు. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మామూలే.

అందుకే మా బండికి ఒక స్థలం ఉండేది. ఇంటి పక్కన మట్టిదిబ్బ ఏటవాలుగా ఉండేది. రాత్రి దాని మీదికి ఎక్కించి రాయి అడ్డుపెట్టేవాడు నాయన. పొద్దున రాయి తీస్తే బండి దొర్లేది. దొర్లుతుండగా క్లచ్ వదిలితే ఇంజను అందుకునేది. ఆ చప్పుడుతో కోళ్లు చెదిరిపోయేవి, నాయనమ్మ దేవుడికి దండం పెట్టేది, కిరసనాయిలు పొగ వంటింట్లోకి వచ్చి పాలకు కూడా ఆ వాసన పట్టేది. బండి దొర్లినప్పుడు అందుకోకపోతే ఇక హ్యాండిలే గతి. ముందు వైపు ఇనుప కడ్డీ దూర్చి, పూర్తి బలంతో తిప్పాలి. అది ఒక్కోసారి వెనక్కి తన్నుతుందని నాయనకు తెలుసు. బొటనవేలు కడ్డీ చుట్టూ వేయకూడదని, ఎప్పుడూ కింది నుంచి పైకే లాగాలని మాకే చెప్పేవాడు, మేమేదో రేపే తిప్పబోతున్నట్టు.

ఒక ఏడాది తొలకరి పడింది. మా చెలకతో పాటు కౌకూరు వైపు కొందరి భూములు దున్నుతామని మాట ఇచ్చి ఉన్నాడు నాయన. ముందురోజు వానలో దిబ్బ జారుడుగా ఉందని బండిని చదును నేల మీదే ఆపాడు. పొద్దున బటన్ నొక్కితే అది ఒక్కసారి మూలిగి ఊరుకుంది. నాయన హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను వాకిట్లో పళ్లు తోముకుంటున్నాను. చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఇంజను ఒక్కసారి దగ్గింది, తర్వాత ఇనుము మీద ఎముక తగిలిన చప్పుడు. నాయన అరవలేదు. కుడిచేయి ఎడమచేత్తో పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. అమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. మణికట్టు పక్కకు తిరిగిపోయి ఉంది.

సర్కారు దవాఖానలో కట్టు కట్టి పంపారు. చెయ్యి మెడకు వేలాడేసుకుని నాయన అరుగు మీద కూర్చున్నాడు. వాన పదును ఆరిపోతోంది. కౌకూరు నుంచి మనుషులు వచ్చి ఏమీ అనలేక, అడగలేక చూసి పోతున్నారు. డ్రైవరును పెట్టుకుందామంటే ఆ రోజుల్లో ట్రాక్టరు నడిపేవాడు దొరకడమే కష్టం, దొరికిన ఒకడూ ఈ బండిని చూసి దండం పెట్టి పోయాడు. అమ్మ అప్పటికి ఇరవైల్లో ఉంది. పుట్టింట్లో ఎడ్లబండి తోలింది, మోట కొట్టింది. ఆమె ఇంట్లో తక్కువ మాట్లాడే మనిషి. ఆ రెండో రోజు సాయంత్రం అన్నం వడ్డిస్తూ, ఎవరినీ చూడకుండా, తాను నడుపుతానంది.

నాయన తింటున్నవాడు ఆగిపోయాడు. కాదనలేదు, అవుననలేదు. అప్పుడు నాయనమ్మ అంది, "ఎడ్ల ఎన్క నడిస్తే తప్పు లేదు గానీ, దాని మీద కూసుంటే తప్పొచ్చెనా? ఎక్కనియ్యి. పడితే నేను లేపుత." ఆ ఇంట్లో ఆ మాటకు అప్పీలు లేదు.

మర్నాడు మా ఇంటి ముందు జనం జాతరకొచ్చినట్టు పోగయ్యారు. అమ్మ చీర గోచీ పోసి కట్టి, ఎండకు పైన నాయన పొడుగుచేతుల అంగీ వేసుకుంది. తలకు రుమాలు చుట్టుకుంది. కూలివాళ్లు బండిని దిబ్బ ఎక్కించారు. నాయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చోవాలనుకున్నాడు గానీ కట్టు కట్టిన చేత్తో పట్టు దొరకదని నాయనమ్మ కూర్చోనివ్వలేదు. అందుకని ఆయన చెలకగట్టు మీద నిలబడి, ఎడమచేత్తో సైగలు చేశాడు. చెయ్యి కిందికి దించితే క్లచ్ తొక్కమని, పిడికిలి తిప్పితే గేరు మార్చమని, వేళ్లు ఆడిస్తే యాక్సిలరేటరు పెంచమని. మొదటి చాలు వంకర పోయింది, పాము పాకినట్టు. జనంలో ఎవరో నవ్వారు. అమ్మ వెనక్కి చూడలేదు. మూడోనాటికి చాళ్లు తిన్నగా వచ్చాయి. ఆ వారం ముగిసేలోగా ఆమె కౌకూరు వెళ్లింది. వాన పదును పోకముందే మాట ఇచ్చిన భూములన్నీ అయిపోయాయి.

ఆ తర్వాత మా ఇంటి వాసనలు మారాయి. అమ్మ కొంగులో ఇంతకు ముందు పోపు వాసన ఉండేది. ఇప్పుడు కిరసనాయిలూ, తడిమట్టీ, కాలిన గ్రీజూ. రాత్రి ఆమె పక్కన పడుకుంటే ఆమె ఒళ్లు ఇంకా సన్నగా వణుకుతున్నట్టే ఉండేది, ఇంజను లోపల ఎక్కడో నడుస్తున్నట్టు. వంట నాయనమ్మ చేతికి పోయింది. ఆమె వండే పప్పులో కారం ఎక్కువ, ఎవరూ ఏమీ అనేవాళ్లం కాదు. సాయంత్రాలు మేమిద్దరం, నేనూ విఠల్, దిబ్బ ఎక్కి కూర్చుని అమ్మ కోసం చూసేవాళ్లం. పొద్దుగూకాక దూరంగా రెండు దీపాలు కనబడేవి. డైనమో పుణ్యాన ఆ దీపాలకు నిలకడ లేదు. బండి జోరుగా వస్తే తెల్లగా వెలిగేవి. మలుపు దగ్గర నెమ్మదించగానే బీడీ ముక్కల్లా ఎర్రబడేవి. కాలువ దాటేటప్పుడు దాదాపు ఆరిపోయి, గట్టు ఎక్కేటప్పుడు మళ్లీ లేచేవి. ఆ వెలుగును బట్టి అమ్మ ఎక్కడుందో, ఏ గేరులో ఉందో విఠల్ చెప్పేసేవాడు. వాడు తర్వాత రైల్వేలో కరెంటు పనిలో చేరడానికి బీజం అక్కడే పడిందని నా అనుమానం. సర్వీసు మొదట్లో వాడు చేసిన పని కూడా రైలుపెట్టెల కింద బెల్టుతో తిరిగే డైనమోలు తీసి ఆల్టర్నేటర్లు బిగించడమే.

నాయన కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి, వేరే ఎవరిదో అన్నట్టుండేది. నువ్వులనూనె రాసి నాయనమ్మ రోజూ పిసికేది. కొన్నాళ్లకు నాయన బండి ఎక్కాడు. అమ్మ రుమాలు విప్పి కొయ్యకు తగిలించి, వంటింట్లోకి పోయింది. ఆ రోజు ఆమె చేసిన పప్పు ఎంతో బాగుందని నేను అన్నాను. ఆమె నవ్వలేదు. పొయ్యి ముందు కూర్చుని బయట ఇంజను చప్పుడు వింటోంది, తల కాస్త పక్కకు వంచి. నాయన ఒక్క రోజు దున్నాడు. సాయంత్రం దిగి, మణికట్టు పట్టుకుని, లాగుతోందన్నాడు. స్టీరింగు తిప్పితే లోపల సూదులు గుచ్చినట్టుందన్నాడు. మర్నాడు అమ్మ రుమాలు మళ్లీ చుట్టుకుంది. ఆ తర్వాత నాయన అప్పుడప్పుడూ ఎక్కేవాడు, అప్పుడప్పుడూ లాగుతోందనేవాడు. చివరికి ఎక్కడమే మానేశాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సీటు అమ్మది అయిపోయింది.

అల్వాల్ చౌరస్తా హోటల్లో చాయ్ తాగేవాళ్లు నాయనను ఊరికే ఉంచేవాళ్లు కాదు. పెండ్లానికి పగ్గాలిచ్చి నీడపట్టున కూర్చున్నాడని ముఖం మీదే అనేవాళ్లు. నేను ఆయన వెంట ఉన్న ఒక రోజు ఎవరో అడిగారు, ఆ చెయ్యి ఈ జన్మలో బాగవుతుందా అని. నాయన చాయ్ సాసరులో పోసుకుని ఊదుతూ, "ఏం జేస్తం, తక్లీఫ్ గట్లుంది మరి," అన్నాడు. మాట్లాడిన తీరు చూస్తే, కోపం గానీ సిగ్గు గానీ ఎక్కడా కనిపించలేదు. ఆయనకు రోషం లేదేమో అనుకునేదాన్ని. పిల్లలకు పెద్దల గురించి ఏదో ఒకటి అనుకోవాలి కదా, నేను అది అనుకున్నాను.

ఆ తర్వాత కథ ఆ దారిలో ఉన్న అందరిదీ. బోర్లలో నీళ్లు దిగిపోయాయి. ద్రాక్షతీగలు ఒక్కొక్క వరసే ఎండిపోయాయి. కూసాలు పీకి అమ్మేశారు. చెలక ప్లాట్లయింది. ఆఖరి పందిరి పోయిన తర్వాత నాయన ఎక్కువ కాలం బతకలేదు. బండి షెడ్డులో నిలిచిపోయింది. అమ్మ మాత్రం ప్రతి దసరాకూ దాన్ని తుడిచి, పసుపుకుంకుమ పెట్టి, ఒక్కసారి సీటు మీద కూర్చుని దిగేది.

నేను బెల్టుతో షెడ్డుకు చేరేసరికి విఠల్ డైనమో విప్పేసి పాత గోనెసంచి మీద పెట్టాడు. అది ఇంత చిన్నదా అనిపించింది. మా చిన్నతనాన్నంతా సతాయించిన వస్తువు, పెద్ద సొరకాయ అంత ఉంది. అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. ఎనభై దాటాయి, మోకాళ్లు సహకరించవు గానీ చెవులు ఇప్పటికీ పదును. రాజేందర్ కూడా వచ్చి ఉన్నాడు. ఎందుకీ పాత ఆరు వోల్టులు, ఏకంగా పన్నెండు చేసెయ్యరాదా, అందరూ అదే చేస్తున్నారుగా అని విఠల్‌ను అడుగుతున్నాడు. విఠల్ పని ఆపకుండానే జవాబు చెప్పాడు. పన్నెండు చేస్తే బల్బులు మార్చాలి, కాయిల్ మార్చాలి, సెల్ఫ్ మోటారుకు అలవాటు లేని బలం వచ్చి దాని పళ్లు అరుగుతాయి. ఇది ఆరు వోల్టుల ఆల్టర్నేటరే, ఇంజను నెమ్మదిగా తిరిగినా కరెంటు ఇస్తుంది. ఒక్క చోట మారుస్తే చాలు, మిగతా బండి తనకు తెలిసినట్టే తాను నడుస్తుంది.

పూర్తిగా ఒక్క చోటే కాదని తర్వాత తెలిసింది. ఆ పాత బండిలో బ్యాటరీ ప్లస్ తీగ ఇంజను బాడీకి కలిపి ఉండేది. కొత్తదానికి మైనస్ కలపాలట. అందుకని విఠల్ బ్యాటరీని తిప్పి పెట్టాడు, కరెంటు చూపే అమ్మీటరు వెనక తీగలు అటూ ఇటూ మార్చాడు, కాయిల్ తీగలూ అలాగే. డైనమోకు కాపలాగా ఉండే రెగ్యులేటరు డబ్బాను తీసేశాడు, కొత్తదాని కాపలా దానిలోపలే ఉందన్నాడు. పాత బ్రాకెట్టుకు కొత్త రంధ్రం వేసి, పుల్లీలు రెండూ ఒక్క వరసలోకి వచ్చేదాకా రేకుముక్కలు అడ్డుపెట్టి సర్దాడు. నేను తెచ్చిన బెల్టు వేసి, బొటనవేలితో నొక్కి చూసి, ఇంకాస్త బిగించాడు. ఇవన్నీ చేస్తున్నప్పుడు వాడి ముఖంలో ఏకాగ్రత చూస్తే, పందిరి కింద తల పైకెత్తి నిలబడ్డ నాయనే అనిపించింది.

బటన్ అమ్మే నొక్కాలని అందరం అనుకున్నాం. సీటు ఎక్కించడం కుదరలేదు. పక్కనే నిలబెట్టి, నేను నడుం పట్టుకున్నాను. నొక్కగానే ఇంజను రెండుసార్లు తిరిగి అందుకుంది. షెడ్డు రేకులు దడదడలాడాయి. విఠల్ దీపాలు వేశాడు. అమ్మ చెయ్యి చాచి యాక్సిలరేటరు తగ్గించింది. ఇంకా తగ్గించింది. ఇంజను ఇక ఆగిపోతుందేమో అన్నంత నెమ్మదిగా, ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించేంత నెమ్మదిగా కొట్టుకుంటోంది. దీపాలు మాత్రం కదల్లేదు. ఎదురుగా గోడ మీద రెండు తెల్లటి గుండ్రాలు అలాగే నిలిచి ఉన్నాయి. అమ్మీటరు సూది మధ్యగీతకు అవతల, చార్జింగు వైపు వాలి ఉంది. అమ్మ ఆ సూదినే చాలాసేపు చూసింది.

మంచిదే. ఇక ఎవరి చెయ్యీ విరగదు. అయినా దిబ్బ మీద కూర్చుని, దూరాన ఎర్రబడి తెల్లబడే వెలుగును చూసి మా మనిషి ఎక్కడుందో చెప్పగలిగిన కాలం నాకు గుర్తొచ్చింది. ఇప్పుడు మా కోడలు ఆఫీసు నుంచి బయల్దేరితే ఫోనులో నీలం చుక్క కదులుతుంది, ఏ సిగ్నల్ దగ్గరుందో తెలుస్తుంది. కానీ బండి బరువు మోస్తోందా, తేలిగ్గా ఉందా, ఎక్కుతోందా దిగుతోందా, ఆ చుక్క చెప్పదు. ఆ రోజులు మేలని అనను. ఆ దీపాలు ఆరిపోయినప్పుడల్లా ఇద్దరు పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. అది మంచి బతుకని ఎలా అంటాను? ఒకరి కోసం అంత శ్రద్ధగా చూడటం మాత్రం అప్పుడే నేర్చుకున్నాం. దానికి కారణం ఆ వస్తువు పనిచేయకపోవడమే.

ఇంజను ఆపాక విఠల్ చేతులు తుడుచుకుంటూ, ఇదేదో అప్పుడే దొరికి ఉంటే నాయన చెయ్యి అట్లా పాడయ్యేది కాదు, బతికినన్నాళ్లూ ఆ నొప్పితోనే ఉన్నాడు పాపం అన్నాడు. అమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. గొంతు పెంచకుండా, పక్కింటివాళ్ల సంగతేదో చెబుతున్నట్టు చెప్పింది.

"మీ నాయన చెయ్యి ఆ చలికాలానికే మంచిగయింది."

విఠల్ గుడ్డ పక్కన పడేసి ఆమె దగ్గరికి వచ్చాడు.

"నొస్తుందని అనేటోడు గని, నొవ్వకుండె. నేను బండి దిగిన దినం పొయ్యి ముంగట కూసున్న సూడు, అప్పుడు నా మొఖం చూసిండు. చూసి, మల్లనాటి సంది చెయ్యి గుంజుతుందని షురూ చేసిండు. నేను దిగొద్దని."

రాజేందర్ ఇది తన ఇంటి సంగతి కాదన్నట్టు మెల్లగా బయటికి నడిచాడు. నాకు మొదట నమ్మకం కలగలేదు. తర్వాత ఒక్కొక్కటే కళ్లముందుకు రావడం మొదలుపెట్టాయి, అన్నీ మా కళ్లెదుటే ఉన్నవి. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా కత్తెర పట్టుకుని తీగలు కత్తిరించిన చెయ్యి ఏది? కుడిదే కదా. నిండు ద్రాక్షబుట్టలు భుజానికెత్తిన చెయ్యి, మైలుతుత్తం పంపు గంటలకొద్దీ కొట్టిన చెయ్యి, స్టీరింగు మాత్రం తిప్పలేకపోయిందా? మేం ఆయన పక్కనే తిరిగాం, ఆ చేతి వేళ్లు పట్టుకుని బడికి పోయాం. ఒక్కరికీ తోచలేదు. ఆయన బతికిన కాలంలో భార్య నడుపుకోవాలని ఉందంటే నడుపుకోనిద్దామని నలుగురిలో చెప్పే మాటలు లేవు. ఉన్నా ఆ చౌరస్తాలో అవి చెల్లేవి కాదు. మా అల్లుడు ఇవాళ వంట చేసి ఆ ఫోటో పదిమందికి పంపుతాడు, పదిమందీ మెచ్చుకుంటారు. నాకు సంతోషమే. నాయన మాత్రం భార్యను బండి నడపనివ్వడానికి చేతకానివాడన్న పేరు తెచ్చుకోవాల్సి వచ్చింది. తెచ్చుకుని, సాసరులో చాయ్ ఊదుకుంటూ ఎంత నిమ్మళంగా కూర్చున్నాడో. రోషం లేని మనిషనుకున్నాను నేను.

మధ్యాహ్నం ఎండ తగ్గాక రాజేందర్ బండి ఎక్కాడు. విఠల్ ముందు స్కూటరు మీద దారి చూపుతూ బయల్దేరాడు. ట్రాక్టరు గేటు దాటి, కార్ల మధ్య నుంచి, బొల్లారం వైపు నెమ్మదిగా వెళ్లిపోయింది. వెనక ఉన్నవాళ్లు హారన్లు కొట్టారు. అమ్మ గేటు దాకా వచ్చి చూడలేదు. కుర్చీలోనే కూర్చుని, చప్పుడు వినబడినంతసేపు విని, తర్వాత లోపలికి తీసుకెళ్లమంది. మంచం మీద పడుకోబెట్టి కాళ్లకు నూనె రాస్తూ కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకుంది గానీ నిద్రపోలేదని తెలుసు.

"అమ్మా, నీకు తెలిసిపోయిందని నాయనకు తెలుసా?" అని అడిగాను.

ఆమె కళ్లు తెరవకుండానే చెప్పింది. "ఒకనాడు పెద్ద వాన. గొంగడి నాని మస్తు బరువైంది. బాయికాడ రెండు చేతులతోటి మెలేసి పిండుతున్నడు. నేను అటు దిక్కు నుంచి బండి తీస్కొని వస్తున్న. తలెత్తి నన్ను చూసిండు. నేను చూస్తున్ననని గూడ చూసిండు. జెరసేపు ఆగిండు. మల్ల పిండుకున్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట?" అంది అమ్మ. "గేరేసి పోయిన."